పసుపు అంచు ఏమైంది?

పసుపు అంచులున్న పాము మొక్క ఆకును స్నేహితుడి ఇంటినుంచి తెచ్చి, ముక్కలు చేసి నాటారు. కొన్ని నెలలకు పిలకలు వచ్చాయి. కాని వాటికి పసుపు అంచు లేదు! ఇదేం రకం?

మొక్కలు పెంచే నలుగురినీ అడగండి. ఒకరు సాన్సవీరియా అంటారు, మరొకరు డ్రసీనా అంటారు. రెండూ ఒకటే; 2017లో ఈ మొక్కకు డ్రసీనా ట్రైఫేసియాటా అని పేరు మార్చారు. అనుభవమున్నవారు మాత్రం, "దేనినుంచి పెంచావు?" అని అడుగుతారు. రహస్యం అక్కడే ఉంది.

తల్లి మొక్క 'లారెంటీ' రకం. దాని ఆకు అంచు కణాల్లో పత్రహరితం సరిగా తయారుకాదు. లోపలి కణాల్లో తయారవుతుంది. ఆకు ముక్కలో కొత్త మొగ్గ సాధారణంగా లోపలి కణాలనుంచే పుడుతుంది. అందుకే అంచు మాయమై, అడ్డచారల ఆకుపచ్చ మొక్క వస్తుంది. అల్లం కొమ్ములా నేలలో పాకే కాండం నుంచి పిలకను విడదీసి నాటితే అంచు నిలుస్తుంది.

కనుక రకం అడిగేటప్పుడు ఆకు చూపితే చాలదు. మొక్క పుట్టుక కూడా చెప్పాలి!