నాగాకు భయపడి మానేసిన మాత్ర

మా ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఉదయం 9 గంటలకు మొదలవుతాయి. 12 దాటితే కౌంటర్ మూసేస్తారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఊపిరి సలపని సమయం కూడా సరిగ్గా అదే. 6 గంటలకు మొదటి ఇల్లు, ఏడున్నరకు రెండోది, పిల్లలు స్కూలుకు వెళ్లాక మూడోది, ఆపైన నాలుగోది. చేతులు తుడుచుకుని బయటికొచ్చేసరికి మా కౌంటర్ దగ్గర ఎవరూ ఉండరు.

ఇదేం పెద్ద సమస్య అనిపించొచ్చు. దీని ఫలితం మాకు మెడికల్ వార్డులో కనిపిస్తుంది.

ఆమధ్య 42 ఏళ్ల ఒకామెను పక్షవాతంతో తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. బీపీ 210/120. తనకు బీపీ ఉన్నట్టు ఆమెకు ఏడాదిన్నర కిందటే తెలుసు. మాత్రలు మా దగ్గరే ఉచితంగా ఇస్తాం, నెలకోసారి వచ్చి తీసుకెళ్లాలి. మూడు నెలలు వచ్చింది, తర్వాత రాలేదు. ఎందుకని కూతుర్ని అడిగాను. "నెలకు రెండు నాగాలే సార్. ఒకటి తమ్ముడి జ్వరానికి పోతుంది, ఇంకోటి చుట్టాల ఇంట్లో కార్యానికి. మాత్రల కోసం మూడోది పెడితే జీతంలో పట్టుకుంటారు" అంది.

ఆరోజు ఉదయం మొదటి ఇంట్లో అంట్లు తోముతుంటే చేతిలోంచి గిన్నె జారిపోయిందట. తిమ్మిరనుకుని మిగతావి ఎడమ చేత్తో తోమింది. రెండో ఇంటికి కూడా వెళ్లింది. మా దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం 4 అయింది. మెదడులో రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే, స్కాన్ తీసి ఇవ్వాలి. ఆ గడువు రెండిళ్ల అంట్లకే సరిపోయింది.

ఇలాంటప్పుడు 'వీళ్లకు అవగాహన ఉండదండీ' అనేస్తుంటారు, మా డాక్టర్లలో కూడా. నేను ఒప్పుకోను. బీపీ మాత్ర మానేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాగా పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. రెండోది ఈ నెలాఖరుకే కనిపిస్తుంది.

ఆఫీసులో పనిచేసేవారికి క్యాజువల్ లీవు, సిక్ లీవు ఉంటాయి. ఈఎస్ఐ ఉన్న కార్మికుడు జబ్బుపడితే నిబంధనల ప్రకారం ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం అందుతుంది. ఇళ్లలో పనిచేసేవారు మామూలుగా ఆ పరిధిలోకి రారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసమే ఒక ఒప్పందం చేసింది. వారానికి వరుసగా 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఇక 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చాలామంది పేదల ప్రాణాలు నిలిపింది, కాదనను. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక ఆదుకునే పథకం. చేరే అవసరం రాకుండా కాపాడే ఆ ఒక్క పూట కూలి మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. పట్టణాల్లో ప్రభుత్వ ఓపీలు సాయంత్రం 5 నుంచి 7 వరకు కూడా నడపాలన్నది నా అభిప్రాయం. మా సిబ్బందిలో కొందరికి ఇది నచ్చదని తెలుసు.

బీపీ ఒక్కటే కాదు. మాటిమాటికీ మూత్రంలో మంటతో వచ్చేవారిని 'నీళ్లెందుకు తాగవమ్మా' అంటే, తాగితే ఎక్కడికి వెళ్లాలి అని ఎదురు అడుగుతారు. రోజూ తాము కడిగే బాత్రూమును తాము వాడుకోకూడని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకోవడం, నీళ్లు తగ్గించడం ఇన్ఫెక్షన్లకు దారితీస్తాయి. షుగర్ ఉన్నవారికి అది మరీ ప్రమాదం. షుగర్ మాత్రల్లో కొన్ని వేసుకుని టిఫిన్ తినకుండా పనిలోకి దిగితే కళ్లు తిరిగి పడిపోతారు.

రక్తహీనత సంగతి చెప్పనక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. చాలా ఇళ్లలో పనామెకు పెట్టేది ఒక గ్లాసు టీ. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మాత్రకు, టీకి మధ్య కనీసం గంటైనా ఎడం ఉండాలి. టీ బదులు రెండు ఇడ్లీలు పెడితే ఇంకా మంచిది.

అన్నిటికన్నా ఎక్కువగా దాచిపెట్టే జబ్బు క్షయ. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. ఆ భయంతో రెండు వారాలకు మించిన దగ్గును కూడా కొంగులో అణిచేస్తారు. మందులు మొదలుకాకపోతే ఆ దగ్గు మీ ఇంట్లోనే తిరుగుతుంటుంది. మామూలు క్షయకు మందులు సరిగ్గా వాడితే దాదాపు రెండు వారాల్లో ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఆ కొద్ది రోజులు జీతంతో సెలవిచ్చి, పని పోదని మాటిస్తే కళ్లె పరీక్షకు తానే వస్తుంది. డాక్టర్ సరేనన్నాక పనిలోకి రావొచ్చు. కోర్సు మాత్రం సాధారణంగా ఆరు నెలలు, మధ్యలో ఆపకూడదు.

ఇక మీ ఇంట్లో చేయదగినవి. నెలలో ఒక ఉదయం ఆసుపత్రి కోసమని ముందే అనుకోండి, దాన్ని నాగాగా లెక్కపెట్టకండి. ఆమె పనిచేసే మిగతా ఇళ్లవారితోనూ మాట్లాడి అందరూ ఒకే రోజు ఇస్తేనే ఉపయోగం. ఒక్క ఇల్లు వదిలి మూడిళ్లు రమ్మంటే ఆమె రాలేదు. పెద్దవాళ్ల కోసం కొన్న బీపీ మిషన్ ఉంటే, ఆమె సరేనంటే ఆమెకూ చూడండి. ఇల్లు తుడిచిన వెంటనే కాదు, కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక. కుర్చీలోనే. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టర్‌కు చూపించమనండి. 180/120 దాటి, తలనొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం, చెయ్యి లాగడం వంటివేవైనా ఉంటే అప్పటికప్పుడు 108కు ఫోన్ చేయండి.

మరొక్క మాట. అత్తగారికి మిగిలిపోయిన బీపీ మాత్రలు ఆమెకు ఇచ్చి పంపేవాళ్లున్నారు. మంచి మనసుతోనే ఇస్తారు. కానీ ఆ మందు ఆమె కిడ్నీలకు పడుతుందో లేదో, పిల్లలు పుట్టే వయసులో ఉంటే గర్భానికి ముప్పేమో చూడకుండా వాడకూడదు. ఆ షీటు డబ్బాలోనే ఉంచి, ఓపీ చీటీ దొరికే వేళకు ఆమెను పంపండి.