సగం ప్యాలెట్ ఎవరిది?

చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు విదేశాలకు డ్రమ్ముల్లో వెళ్తుంది. స్టీలు డ్రమ్ము లోపల క్రిములు చేరకుండా శుద్ధి చేసిన సంచీ, ఆ సంచీలో 215 కిలోల గుజ్జు. నాలుగేసి డ్రమ్ములను ప్యాలెట్ అనే ఒక బల్ల మీద నిలబెట్టి, కదలకుండా చుట్టూ పట్టీ బిగిస్తారు. అంటే ప్యాలెట్‌కు 860 కిలోలు. కొనేవాడు సరిగ్గా 10 టన్నులు కావాలన్నాడనుకుందాం. 10,000ను 215తో భాగిస్తే 46.51. అర డ్రమ్ము పంపడం కుదరదు కాబట్టి 47. ఆ నలభై ఏడులో పదకొండు ప్యాలెట్లు నిండగా, పన్నెండో దాని మీద మూడే నిలబడతాయి. నాలుగో చోటు ఖాళీగా పంపాలా, ఇంకో డ్రమ్ము ఎక్కించి 48 చేయాలా? 48 అయితే 10,320 కిలోలు, అడిగినదానికన్నా 3.2 శాతం ఎక్కువ. ఆ 320 కిలోలకు డబ్బెవరిస్తారు? గోడౌన్ సాఫ్ట్‌వేర్ అమర్చేటప్పుడు దీనికి ముందే జవాబు రాసిపెట్టాలి. తెర మీద అది ఒక చిన్న గడి. అందులో ఒక అంకె వేసి ముందుకు పోతారు. చూడటానికి అది కూడికలూ తీసివేతల వ్యవహారమే. నా వాదన వేరు: ఆ గడిలో తేలేది లెక్క కాదు, తేడాను ఎవరు భరించాలన్న ఒప్పందం. ప్యాలెట్ పుట్టుక నుంచి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ప్యాలెట్‌ను ఫలానా వ్యక్తి కనిపెట్టాడని చెప్పడం కష్టం. దాని బతుకంతా ఫోర్క్‌లిఫ్ట్‌తో ముడిపడింది. 1917లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో క్లార్క్ కంపెనీ తన ఫ్యాక్టరీలో ఇసుక, పోత ఇనుప సామాను మోయడానికి ట్రక్ట్రాక్టర్ అనే బండి చేసుకుంది. తర్వాతి ఏళ్లలో అలాంటి బండ్లకు సరుకును పైకెత్తే చేతులు వచ్చాయి. చేతులు దూరడానికి కింద సందు కావాలి కాబట్టి బల్ల అడుగున దిమ్మెలు వచ్చాయి, తర్వాత అడుగున కూడా పలకలు వచ్చాయి. లాభం ఎంతటిదో చెప్పడానికి 1931 నాటి ఒక రైల్వే పత్రిక లెక్కను తరచుగా ఉదహరిస్తారు: డబ్బాల్లో నింపిన ఆహారం 13,000 పెట్టెలు విడివిడిగా ఉంటే వ్యాగన్ దించడానికి మూడు రోజులు, బల్లల మీద పేర్చి ఉంటే నాలుగు గంటలు. రెండో ప్రపంచ యుద్ధం ఈ పద్ధతిని ఖండాలు దాటించింది. అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలిపోయిన ఫోర్క్‌లిఫ్టులు, ప్యాలెట్లే చెప్ సంస్థకు తొలి పెట్టుబడి. ప్యాలెట్లను అద్దెకు తిప్పే వ్యాపారంలో ఇవాళ ప్రపంచమంతా వినిపించే పేరు అదే. 1961లో యూరప్ రైల్వేలు 1200 మిల్లీమీటర్ల పొడవు, 800 వెడల్పు ఉన్న ప్యాలెట్‌ను ఉమ్మడి కొలతగా తీసుకున్నాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది 1200, 1000 కొలత.

కొలత స్థిరపడేసరికి పెత్తనం తారుమారైంది. సరుకు కోసం పుట్టిన బల్లకు సరుకే సర్దుకోవలసి వచ్చింది. ఐకియా కంపెనీ బ్యాంగ్ అనే కాఫీ కప్పును ప్యాలెట్ కోసం మళ్లీ మళ్లీ మలిచింది. మొదట ఒక ప్యాలెట్‌పై 864 పట్టేవి, చివరికి రెండు వేలు దాటాయి. మన క్రేట్ల సంగతే చూడండి. 600, 400 మిల్లీమీటర్ల క్రేట్లు 1200, 1000 ప్యాలెట్‌పై వరసకు ఐదు చొప్పున అంగుళం ఖాళీ లేకుండా కూర్చుంటాయి. మన తయారీదారుల దగ్గర విరివిగా దొరికే 540, 360 క్రేట్లు కూడా వరసకు ఐదే పడతాయి, కానీ బల్లలో దాదాపు ఐదో వంతు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీకీ లారీ కిరాయి కట్టాల్సిందే.

ఇక సాఫ్ట్‌వేర్. వరసకు ఐదు, ఆరు వరసలు, ప్యాలెట్‌కు 30 క్రేట్లు అనుకుందాం. 97 క్రేట్ల ఆర్డరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ముందు 97లో 30 ఎన్నిసార్లు పోతుందో చూసి, మూడు నిండు ప్యాలెట్లను ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి అప్పగిస్తుంది. మిగిలిన ఏడు, అంటే ఒక వరస, మరో రెండు, చేత్తో ఏరేవాళ్ల చీటీలో పడతాయి. రౌండ్ చేయడానికి ఒక గీత గీస్తారు. సాప్ వంటి సాఫ్ట్‌వేర్లలో దీన్ని రౌండింగ్ ప్రొఫైల్ అంటారు. గీత 25 దగ్గర ఉందనుకోండి. 86 అడిగితే అరవై పోను 26 మిగులుతుంది, గీత దాటింది కాబట్టి 90 అవుతుంది. 97లో మిగిలిన ఏడు గీతకు చాలా కింద ఉన్నాయి కాబట్టి అలాగే ఉంటాయి. గీత పదికి దించితే ఫోర్క్‌లిఫ్టుకు సుఖం, కొన్నవాడికి అడగని సరుకు. ముప్ఫైకి పెంచితే కొన్నవాడికి అడిగినంతే, గోడౌన్‌లో చేతిపని ఎక్కువ. ఏ అంకె సరైనదో గణితం చెప్పదు.

అడగని నాలుగు క్రేట్లకు ఇంత రాద్ధాంతమా అని గోడౌన్ మేనేజర్ అడగొచ్చు. గోడౌన్ ఖర్చులో సగానికి పైగా సరుకు ఏరడానికే పోతుందని ఆ రంగపు పాఠ్యపుస్తకాలు చెబుతాయి, కాబట్టి అతని కోపంలో న్యాయముంది. అయితే చిన్న తేడా ఒకే వైపుకు పదే పదే పోతే ఏమవుతుందో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ చూపించింది. 1982 జనవరిలో అక్కడ ఒక సూచీని 1000 వద్ద మొదలుపెట్టారు. రోజుకు వేలసార్లు లెక్క మారేది. మారిన ప్రతిసారీ మూడో దశాంశం తర్వాతి అంకెలను రౌండ్ చేయకుండా కత్తిరించేవారు. 1983 నవంబరుకు సూచీ 524 దగ్గరకు జారింది. లెక్క సరిచేస్తే నిజానికి అది 1098. జీఎస్టీ చట్టంలోని 170వ సెక్షన్ ఇంతకన్నా తెలివైనది: యాభై పైసలు, ఆ పైన ఉంటే రూపాయి చేయి, తక్కువైతే వదిలేయి. రెండు వైపులా పోయే తేడాలు కాలక్రమంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎప్పుడూ పైకే రౌండ్ చేసే ప్యాలెట్ నియమానికి ఆ గుణం లేదు.

పైగా ఆ నాలుగు క్రేట్లు అక్కడితో ఆగవు. దుకాణం పైకి రౌండ్ చేస్తుంది, పంపిణీదారు ఇంకొంచెం పైకి, ఫ్యాక్టరీ లారీ లెక్కన మరికొంచెం పైకి. 1997లో హావ్ లీ, మరో ఇద్దరు పరిశోధకులు ఈ గొలుసులో గిరాకీ చిన్నగా ఊగినా తయారీదారు దగ్గర పెద్ద ఊపుగా ఎందుకు కనిపిస్తుందో వివరించారు. వాళ్లు చెప్పిన నాలుగు కారణాల్లో ఆర్డర్లను మూటకట్టి పెట్టడం ఒకటి. గోడౌన్‌లో ఆదా అయిన కూలి ఫ్యాక్టరీలో అమ్ముడుపోని నిల్వగా తేలుతుంది. ఆదా చేసింది ఒకరు, నష్టపోయింది ఇంకొకరు కాబట్టి ఈ రెంటినీ ఒకే కాగితం మీద పెట్టి చూసేవాళ్లుండరు.

తినే సరుకుకు మరో ఇబ్బంది ఉంది. నిండు ప్యాలెట్‌కే పెద్దపీట వేస్తే, ఒకసారి విప్పిన ప్యాలెట్ మూలన పడి ఉంటుంది. కొత్తది వచ్చి పోతూంటే పాతది గడువు దాటుతుంది. ముందు వచ్చింది ముందు పోవాలన్న నియమమూ, నిండుది ముందు పోవాలన్న నియమమూ ఇక్కడ నేరుగా ఢీకొంటాయి. చిన్న ఆర్డర్లన్నీ విప్పిన ప్యాలెట్ నుంచే తీయాలని, గడువు దగ్గరపడితే నిండు ప్యాలెట్ నియమం దానంతటదే పక్కకు తప్పుకోవాలని సాఫ్ట్‌వేర్‌కు చెప్పొచ్చు. చాలాచోట్ల చెప్పరు, ఎందుకంటే కుళ్లిన సరుకు పద్దు వేరు, ఫోర్క్‌లిఫ్ట్ పద్దు వేరు.

ఇదంతా గోడౌన్ లోపలి గొడవనుకుంటే, అంతర్జాతీయ బ్యాంకింగు ఈ ప్రశ్నను ఎప్పుడో పట్టించుకుంది. 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నిబంధనల్లో 30వది చూడండి. కొనేవాడి తరఫున బ్యాంకు డబ్బుకు పూచీపడే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో పరిమాణం టన్నుల్లో ఉంటే ఐదు శాతం ఎక్కువ తక్కువలకు వీలుంది. డ్రమ్ములు, పెట్టెలు అని లెక్క కట్టి రాస్తే ఆ వీలు లేదు. టన్నుల్లో రాసినా తీసుకునే డబ్బు మాత్రం క్రెడిట్ మొత్తాన్ని దాటకూడదు. మన 48 డ్రమ్ముల సంగతి ఇప్పుడు తేలిపోతుంది. 10 టన్నులని రాసి ఉంటే 48వ డ్రమ్ము పడవెక్కొచ్చు, దాని డబ్బు మాత్రం ఆ క్రెడిట్ మీద రాదు. 47 డ్రమ్ములని రాసి ఉంటే అది ఎక్కనే కూడదు. ఈ నియమం ఎగుమతిదారుకు నచ్చాలని లేదు. కానీ తేడా ఎంత, ఎవరిది అన్నది సరుకు కదలకముందే రాసి ఉంది.

అలా ముందే రాసిపెట్టని చోటుకు వద్దాం. కలకడ, గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు టమాటా మండీల్లో ప్యాలెట్ కనిపించదు, హమాలీల భుజాలే ఫోర్క్‌లిఫ్టులు. అయినా రౌండ్ చేయడం ఉంది, దానికో పేరు కూడా ఉంది: జాక్‌పాట్. రైతు తెచ్చిన బాక్సుల్లో కొన్నింటిని లెక్కలో చేర్చకుండా అదనంగా తీసుకోవడం. దీని మీద రైతులు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. టమాటా దారిలో నలుగుతుంది, కొంత కుళ్లుతుంది, ఆ నష్టం ఎవరు భరించాలని వ్యాపారి అడుగుతాడు. అడగడం సబబే. చెన్నై చేరేలోపు కొంత పోవడం నిజం. అయితే ఎండాకాలం కోత, వానలో కోత ఒక్కలా నలగవు. నష్టం జరగకముందే, ఎంతో చూడకముందే కోసేది నష్టపరిహారం కాదు, పేరు మార్చుకున్న కమీషన్. నూటికి నాలుగు బాక్సులు అలా పోయాయనుకుందాం. రైతుకిచ్చే లెక్క చీటీలో, అంటే పట్టీలో, 96 అనే రాస్తే ఆ నాలుగు పండనట్టే. గోడౌన్ సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా ఇచ్చిన సరుకుకు వేరే వరస ఉంటుంది: వచ్చినవి 100, ధర కట్టినవి 96, సున్నా ధరవి 4. పట్టీలో ఆ మూడో వరస వేయడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. అది వేసిన తర్వాత 15 కిలోల బాక్సులో అంచు దాటి పోసిన కాయలను ఏ వరసలో రాయాలన్న ప్రశ్న వస్తుంది. దానికి కాటా కావాలి.