బాలలలో మయస్థీనియా గ్రేవిస్ : గుర్తింపు, చికిత్స

ఉదయం చురుకుగా బడికి వెళ్ళిన బాలునికి మధ్యాహ్నం దాటేసరికి కనురెప్పలు వాలిపోతాయి. నల్లబల్ల మీది అక్షరం రెండుగా కనిపిస్తుంది. మాట ముక్కుతో పలికినట్లుంటుంది. ఉపాధ్యాయులు నిద్రమత్తు అంటారు, ఇంటివారు సోమరితనం అంటారు. రాత్రి నిద్రించి లేచేసరికి అంతా సర్దుకొనడం వలన ఆ అభిప్రాయమే బలపడుతుంది. నిజానికి శ్రమతో పెరిగి విశ్రాంతితో తగ్గే ఈ బలహీనతయే మయస్థీనియా గ్రేవిస్ అనే వ్యాధికి ప్రధాన లక్షణం.

నాడి కొన నుండి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి, కండరం మీది గ్రాహకాలను తాకినప్పుడు కండరం సంకోచిస్తుంది. శరీరాన్ని రక్షించవలసిన ప్రతిరక్షకాలే ఈ వ్యాధిలో ఆ గ్రాహకాలను దెబ్బతీస్తాయి. ఒకే పనిని మరల మరల చేసినచో ప్రతిసారి వెలువడే రసాయనం కొంత తగ్గుతుంది. గ్రాహకాలు తక్కువైన కండరం ఆ కొరతకు తట్టుకొనలేదు.

ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఇట్టి రోగిని వర్ణించినాడు. చికిత్సకు మాత్రం రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. ఈ రోగుల స్థితి క్యురారే అనే బాణవిషం సోకినవారి స్థితిని పోలియున్నదని గ్రహించి, గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫేజ్ ఆసుపత్రి వైద్యురాలు మేరీ వాకర్ 1934లో ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను ఒక రోగికి ఇచ్చి సత్ఫలితం పొందినది. నేటి ముఖ్యౌషధమైన పిరిడోస్టిగ్మిన్ ఆ కోవకు చెందినదే.

బాలలలో ఈ బలహీనత మూడు విధాలు. వ్యాధిగల తల్లులకు పుట్టిన శిశువులలో నూటికి 10 నుండి 20 మందికి తల్లి ప్రతిరక్షకాల వలన తాత్కాలికంగా వస్తుంది. కొన్ని వారాలలో తగ్గుతుంది. రెండవది జన్యులోపం వలన కలిగేది. మేనరికాలు అధికంగాగల మన ప్రాంతంలో దీనిని మరువరాదు. దీనికి స్టెరాయిడ్లు పనిచేయవు. కొన్ని రకాలలో పిరిడోస్టిగ్మిన్ హాని కూడ చేస్తుంది. మూడవది పైన చెప్పిన అసలు వ్యాధి. ఇది కొందరిలో కంటికే పరిమితమై ఉంటుంది.

బాలుని ఒక నిమిషంపాటు పైకి చూడుమనండి. రెప్ప క్రమంగా వాలినచో అనుమానించవలెను. వాలిన రెప్పపై గుడ్డలో చుట్టిన మంచును రెండు నిమిషాలుంచినచో రెప్ప కొంత లేవడం మరొక సూచన. కంటిపాప మామూలుగానే ఉంటుంది. రక్తపరీక్ష, నాడీ ప్రేరణ పరీక్ష వ్యాధిని నిర్ధారిస్తాయి. చిన్నపిల్లలలో రక్తపరీక్షలో ప్రతిరక్షకాలు కనబడనంత మాత్రాన వ్యాధి లేదనరాదు. అయితే నేలపై పడుకొన్న పిల్లవానికి తెల్లవారేసరికి హఠాత్తుగా రెప్పలు వాలినచో ముందు కట్లపాము కాటును అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆ కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు.

పిరిడోస్టిగ్మిన్ చాలనప్పుడు ప్రెడ్నిసోలోన్ వంటి మందులు ఇస్తారు. ఇది తొలిదినాలలో బలహీనతను పెంచవచ్చును. దీర్ఘకాలం వాడినచో ఎదుగుదలను తగ్గించవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణ అవసరం. వ్యాధి శరీరమంతట వ్యాపించిన కొందరికి థైమస్ గ్రంథిని తొలగించడం మేలుచేస్తుంది. మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం ప్రాణాపాయ సూచనలు. అట్టి సమయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి, కృత్రిమ శ్వాస ప్రాణం నిలుపుతాయి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ వంటి మందులు ఈ వ్యాధిని తీవ్రం చేయగలవు. కావున జ్వరానికి వెళ్ళినను వైద్యునికి ఈ సంగతి ముందుగా చెప్పవలెను.

తగిన చికిత్సతో ఈ పిల్లలలో అధికులు అందరివలె చదువుకొనగలరు. పాఠశాలలు, కళాశాలలు వారికి పరీక్షలో కొంత అదనపు సమయం, నడుమ విశ్రాంతి కల్పించినచో చాలును. సాయంకాలం వాలిన కన్నును మందలించే ముందు ఉదయం ఆ కన్ను ఎట్లున్నదో ఒకసారి జ్ఞాపకం చేసుకొనుట మన అందరి బాధ్యత.