ఇంటి సర్వరుపై వర్డ్‌ప్రెస్ స్థాపన: చిక్కులు, వాని నివారణ

వ్రాసిన దానికి వెలుగు చూపు వేదిక కావలెను. పూర్వము ఆ వేదిక అచ్చుయంత్రము ఒక్కటే. నేడు కంప్యూటరు కూడ ఆ పని చేయుచున్నది. వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరు 2003వ సంవత్సరము మే నెలలో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురి కృషితో వెలువడినది. అది ఉచితముగా లభించును. ఇంటిలో మూలబడియున్న పాత కంప్యూటరుపై లినక్స్ వేసి, దానిపై ఈ సాఫ్ట్‌వేరును నిలిపినచో, అద్దె లేని సొంత ప్రచురణాలయము ఏర్పడును.

అయితే మొదటి ప్రయత్నముననే అది పని చేయుట అరుదు. తెరపై ఏదో ఒక దోషవాక్యము కనబడగానే విద్యార్థులు అంతయు చెరిపివేసి మరల మొదటి నుండి ప్రారంభించుట మేము గమనించుచున్నాము. ఇది ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట వంటిది. దోషము ఎచ్చట ఉన్నదో తెలియక చేసిన పునఃస్థాపన అదే దోషమును మరల తెచ్చును. కావున ముందు తెలిసికొనవలసినది మందు కాదు, రోగస్థానము.

ఒక పుట మన కంటికి కనబడుటకు నలుగురు పనివారు వరుసగా శ్రమించుదురు. మొదటివాడు అపాచీ వంటి వెబ్ సర్వరు. వచ్చినవారి కోరిక వినువాడు అతడే. రెండవవాడు పీహెచ్‌పీ, వర్డ్‌ప్రెస్ వ్రాయబడిన భాషను చదివి నడుపువాడు. మూడవది మైఎస్‌క్యూఎల్ లేక మరియాడీబీ అను డేటాబేస్. మన వ్యాసములన్నియు దాగియుండు బీరువా. నాలుగవది వర్డ్‌ప్రెస్. ఈ వరుసలో ఒక్కొక్కరినే పరీక్షించుచు పోయినచో తప్పు తానుగా బయటపడును.

మొదట అపాచీని పరీక్షింతము. ఒక్క వాక్యము గల చిన్న ఫైలును దాని ఫోల్డరులో ఉంచి బ్రౌజరులో తెరువవలెను. ఏ జవాబును రానిచో అపాచీ నడచుట లేదని గాని, 80వ పోర్టును వేరొక ప్రోగ్రాము ముందే ఆక్రమించినదని గాని గ్రహింపవలెను. జవాబు వచ్చి, ప్రవేశము నిషిద్ధమని 403 సంఖ్య కనబడినచో అది ప్రాయికముగా అనుమతుల లోపము. ఫోల్డరులకు 755, ఫైలులకు 644 సాధారణముగా చాలును. పని త్వరగా కావలెనని అన్నింటికి 777 ఇచ్చుట వీధి తలుపులు బార్లా తెరచి నిద్రించుట వంటిది.

పిమ్మట పీహెచ్‌పీ. పుటకు బదులు ప్రోగ్రాము పాఠమే తెరపై కనబడినను, ఫైలు దిగుమతియైనను, అపాచీకి పీహెచ్‌పీతో సంబంధము కుదరలేదని అర్థము. పీహెచ్‌పీకి మైఎస్‌క్యూఎల్ విస్తరణ లేదని వర్డ్‌ప్రెస్ స్వయముగా చెప్పినచో ఆ ఒక్క విస్తరణను చేర్చి అపాచీని మరల ప్రారంభించిన చాలును. ఏమియు లేని తెల్లని పుట వచ్చినప్పుడు అనేకులు కలవరపడుదురు. కాని తెర మౌనము వహించినను లాగు ఫైలు మౌనము వహింపదు. డెబియన్, ఉబుంటులలో అపాచీ దోషముల లాగు ఏ ఫైలులో ఏ పంక్తిలో తప్పు జరిగినదో తెలుపును. దాని చివరి పది పంక్తులు చదువుట పది పర్యాయములు పునఃస్థాపన చేయుట కంటె మేలు.

అందరిని ఎక్కువగా బాధించునది డేటాబేసుతో సంబంధము కుదరలేదను వాక్యము. దీనికి మూలము చాల వరకు డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అను ఫైలులో ఉండును. అందు నాలుగు అంశములు సరిచూడవలెను: డేటాబేస్ పేరు, వినియోగదారుని పేరు, పాస్‌వర్డ్, డేటాబేస్ ఉన్న యంత్రము పేరు. ఒక్క అక్షరము తేడా వచ్చినను తలుపు తెరువబడదు. నాలుగును సరిగా ఉన్నట్లు తోచినచో, అదే పేరు, అదే పాస్‌వర్డుతో టెర్మినల్ నుండి డేటాబేసులోనికి ప్రవేశించి చూడవలెను. అచ్చటను ప్రవేశము దొరకనిచో వర్డ్‌ప్రెస్ నిర్దోషి. మరియాడీబీలో రూటు పేరు విషయమున ఒక విశేషము కలదు. డెబియన్, ఉబుంటులలో ఆ పేరు గలవానిని పాస్‌వర్డుతో గాక లినక్స్ గుర్తింపుతో లోనికి అనుమతించుట అలవాటు. కావున వర్డ్‌ప్రెస్ ఆ పేరుతో ప్రవేశింపజాలదు. వేరుగా ఒక వినియోగదారుని సృష్టించి, ఆ ఒక్క డేటాబేసుపై మాత్రమే అధికారమిచ్చుట సురక్షితము కూడ.

స్థాపన ముగిసిన తరువాత వచ్చు చిక్కులు రెండు. మొదటి పుట తెరచుకొనును గాని తక్కిన వ్యాసములకు 404 వచ్చును. అప్పుడు అపాచీలో రీరైట్ మాడ్యూలు పని చేయుచున్నదా, హెచ్‌టీయాక్సెస్ ఫైలును చదువుటకు అనుమతి ఉన్నదా అని చూడవలెను. రెండవది, సర్వరు ఉన్న కంప్యూటరులో అంతయు సవ్యముగా ఉండి, ప్రక్క గదిలోని ఫోనులో పుట చెదరిపోవుట. లోకల్‌హోస్ట్ అను పేరుతో స్థాపన చేసినందున వర్డ్‌ప్రెస్ ఆ పేరునే తన చిరునామాగా వ్రాసికొనును. ఫోనుకు లోకల్‌హోస్ట్ అనగా ఆ ఫోనే గదా! సెట్టింగులలోని రెండు చిరునామాలను ఇంటి నెట్‌వర్కులో సర్వరుకు గల చిరునామాకు మార్చినచో ఇది తీరును.

ఇక ఉర్దూ, తెలుగు వ్రాయు మన వంటివారికి ప్రాణప్రదమైన విషయము అక్షరసమితి. ఇంగ్లీషు మాత్రమే వ్రాయువారికి ఈ చిక్కు కంటికి కూడ ఆనదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగు అక్షర సంకేతమునకు మూడు బైట్లు పట్టును. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 కూర్పు నుండి యూటీఎఫ్8ఎంబీ4ను సహజ అక్షరసమితిగా గ్రహించినది. అంతకు పూర్వపు కూర్పులలో ఆ స్థానము లాటిన్-1దే. పాత కూర్పుపై ఏమరుపాటున సృష్టించిన పట్టికలో మన లిపులకు చోటు లేదు.

ఇచ్చట మూడు లక్షణములను వేరుపరచి చూడవలెను. అక్షరములకు మారుగా డబ్బాలు కనబడినచో చదువువారి యంత్రములో ఆ లిపి ఫాంటు లేదు. వ్రాత క్షేమముగానే ఉన్నది. అర్థము లేని లాటిన్ అక్షరముల గొలుసులు కనబడినచో బైట్లు ఉన్నవి, వానిని చదువు పద్ధతి తప్పినది, జాగ్రత్తతో ఉద్ధరింపవచ్చును. ప్రశ్నార్థకములు మాత్రమే వరుసగా కనబడినచో వెంటనే డేటాబేసులో నేరుగా చూడవలెను. అచ్చట అక్షరములు ఉన్నచో లోపము సంబంధములోనిది. అచ్చటను ప్రశ్నార్థకములే ఉన్నచో ఆ వ్రాత పోయినది. ఏ నిపుణుడును దానిని తిరిగి తేలేడు. కావున కొత్త స్థాపనలో మొట్టమొదట చేయవలసిన పని ఉర్దూలో ఒక పంక్తి, తెలుగులో ఒక పంక్తి వ్రాసి, భద్రపరచి, మరల తెరచి, డేటాబేసులో కూడ చూచుట. ఆ పరీక్ష నెగ్గిన తరువాతనే తక్కినది వ్రాయవలెను. ఉర్దూ పేరాకు కుడి నుండి ఎడమకు నడచు దిశను ప్రత్యేకముగా తెలుపవలెనన్నది కూడ మరువరాదు.

ఇంటి వెలుపలివారు కూడ చూడవలెనన్నచో రౌటరులో 80, 443 పోర్టులను సర్వరు వైపు మళ్లింపవలెను. అంతయు సరిగా చేసినను బయటివారికి తెరచుకొననిచో, రౌటరు బయటి చిరునామాను పరిశీలింపవలెను. అది 100.64 నుండి 100.127 వరకు గల వరుసలోనిదైనచో సేవాసంస్థ ఒకే బహిరంగ చిరునామాను అనేక గృహములకు పంచుచున్నదని తెలియును. అప్పుడు మన సర్వరులో ఎంత వెదకినను తప్పు దొరకదు. వేరు చిరునామా కొరకు ఆ సంస్థనే అడుగవలెను. మరియొక హెచ్చరిక: స్థాపన పూర్తి కాకముందు పోర్టులు తెరువరాదు. అసంపూర్ణముగా ఉన్న స్థాపనా పుటను ముందుగా చేరుకొన్నవాడు తన పాస్‌వర్డును నిర్ణయించి మన యింటికి యజమాని కాగలడు. డేటాబేసు యొక్క 3306వ పోర్టును బయటకు ఎన్నడును తెరువరాదు.

కళాశాల పాత వార్షిక సంచికలను ఈ విధముగా భద్రపరచు ఆలోచన మా విద్యార్థులలో కొందరికి కలదు. అది ప్రశంసనీయము. పాఠక సంఘ సభ్యులును దానికి చేయూత నీయవలెను. కాని కాగితముపై నిలిచిన ఉర్దూ, తెలుగు వ్రాతలు యంత్రములోనికి ఎక్కిన పిదప ప్రశ్నార్థకములుగా మిగిలినచో ఆ శ్రమ అంతయు బూడిదలో పోసిన పన్నీరగును. ఒక్కసారికి ఒక్క మార్పు చేయుడు. చేసిన మార్పును నోటుపుస్తకములో వ్రాసికొనుడు. డేటాబేసు నకలును, ఫైలుల నకలును వేరొక డిస్కులో దాచి, ఆ నకలు నుండి పుటలు మరల తెరచుకొనునో లేదో ఒకసారి పరీక్షింపుడు. పరీక్షింపని నకలు నకలు కాదు, నమ్మకము మాత్రమే.