ఉప్పు మడులూ, వసంతకాలపు ఎండా

పిల్లలూ! విశాఖపట్నం నుంచి బరంపురం వైపు రైలులో పోతుంటే దారిలో మా నౌపడ స్టేషను వస్తుంది. ఈ ఊరు ఉప్పుకు పేరుపొందినది. ఇక్కడ ఉప్పునీటిని మడుల్లోకి పెట్టి ఎండకు వదిలేస్తారు. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. వసంతం వచ్చి ఎండ ముదిరేకొద్దీ తెల్లని రాశులు పెరుగుతాయి.

ఆ ఎండే మీ ఒంటినీ కాస్తుంది. కాని ఒంట్లోనుంచి నీరొక్కటే పోదు, చెమటతోబాటు ఉప్పూ పోతుంది. చొక్కా ఆరినాక వీపుమీద తెల్లని చారలు చూశారు గదా? అది ఉప్పే! ఒంటిపూట బడి వదలగానే మామిడితోటలకు పరుగెత్తే వీరులు దాహం వేసేదాకా ఆగక మంచినీళ్లు తాగాలి. మజ్జిగా, చోడి అంబలీ మరీ మంచివి.

చెమటకంటె పెద్ద దొంగలు వాంతులూ, విరేచనాలూ. ఈగలు వాలిన పళ్లముక్కలు, చెడునీళ్లు, కడుక్కోని చేతులు వాటికి దారులు. అప్పుడు కొందరు పెద్దలు బిడ్డకు నీళ్లు మానిపిస్తారు, తాగితే మళ్లీ పోతాయని భయం. ఇంతకంటె ప్రమాదం లేదు. ఉన్న నీరూ పోయి పసిబిడ్డలకు ప్రాణంమీదికే వస్తుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలాన లక్షలమంది శరణార్థులు పశ్చిమ బెంగాల్ చేరారు. బన్‌గావ్‌లో కలరా రేగింది. నరానికెక్కించే సెలైన్ చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ములకెత్తించి, రోగుల బంధువులచేతనే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి! ఇందులో మంత్రమేమీ లేదు. పేగుగోడలోంచి చక్కెరా, ఉప్పూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది.

ఆ పొడి పొట్లాలు ఓ.ఆర్.ఎస్. పేరుతో ఆరోగ్య కేంద్రాల్లో దొరుకుతాయి. చేతిలో లేకపోతే, కాచి చల్లార్చిన నీళ్లు 1 లీటరు తీసుకుని, తలగీసిన టీచెంచాతో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు మించితే కీడు. నౌపడవాళ్లమైనా సరే, కొలత తప్పరాదు! బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలూ, అన్నమూ మానిపించరాదు.

కళ్లు గుంటలుపడినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా, బిడ్డ తాగలేక మగతగా పడివున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిపొడుగునా ఆ నీళ్లు పడుతూనే ఉండాలి. కలిపిన నీళ్లు ఒక్కరోజే పనికివస్తాయి. మిగిలినవి పారబోసి, మర్నాడు మళ్లీ కొత్తగా కలుపుకోవాలి.