మోడం కమ్మినా వాన కురవదేమి?

జూన్ నెలాఖరున అనంతపురం ప్రాంతంలో పొలం గట్టున నిలబడితే పడమటి గాలి హోరున వీస్తుంటుంది. బూడిద రంగు మబ్బులు తక్కువ ఎత్తులో తూర్పునకు సాగిపోతుంటాయి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక రైతు వాటిని చూపి, “ఇన్ని మోడాలు పోతాండాయి గదా సార్, ఒగటి గూడా కురవదేమి?” అని అడిగాడు. గాలిలో తేమ చాలదని చెప్పి తప్పించుకున్నాను. మబ్బు కళ్లెదుట ఉండగా తేమ లేదంటే ఎవరు నమ్ముతారు?

అసలు సమాధానం వాతావరణ శాస్త్రపు తొలి పాఠంలోనే ఉంది. ఎత్తుకు పోయే కొద్దీ పీడనం తగ్గుతుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సంతృప్తం కాని గాలి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే, సంతృప్తమైన గాలి సుమారు 6 డిగ్రీలే చల్లబడుతుంది. ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణమే ఇందుకు కారణం. దిగే గాలి మాత్రం, తనలోని నీటిని వానగా వదిలేసి ఉంటే, కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

ఈ సూత్రాన్ని మన విద్యార్థులు చక్కగా అప్పగిస్తారు, లెక్క కట్టమంటే తడబడతారు. అరేబియా సముద్ర తీరాన గాలి 27 డిగ్రీల వద్ద ఉన్నదనుకుందాం. 500 మీటర్ల ఎత్తున మబ్బు కట్టేసరికి అది 22 డిగ్రీలు. పశ్చిమ కనుమల మీదుగా 1500 మీటర్లకు చేరి, దారిలో వాన కురిపించేసరికి 16 డిగ్రీలు. తూర్పున 350 మీటర్లకు దిగితే 27.5 డిగ్రీలు. ఎక్కేటప్పుడు అదే ఎత్తులో దాని ఉష్ణోగ్రత 23.5 డిగ్రీలే. అంటే 4 డిగ్రీల వేడి పెరిగింది, ఆవిరి తగ్గింది. 90 శాతం పైనున్న సాపేక్ష ఆర్ద్రత 60 శాతం లోపునకు పడిపోతుంది. నిజమైన వాతావరణం ఇంత సరళం కాదు గాని, వర్షచ్ఛాయ అంటే సారాంశం ఇదే.

మరి ఆ మబ్బుల సంగతి? అవి పలుచనివి. మబ్బులోని బిందువు వ్యాసం సుమారు 20 మైక్రాన్లు, వాన చినుకు వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు. ఒక్క చినుకుకు దాదాపు 10 లక్షల బిందువులు కలవాలి. పలుచని మబ్బులో అందుకు తగిన లోతూ, వ్యవధీ ఉండవు. ఒకవేళ తుంపర రాలినా కింది పొడిగాలిలో సగం దారిలోనే ఆవిరవుతుంది. సెప్టెంబరులో పడమటి గాలి నెమ్మదించి, బంగాళాఖాతపు తేమ అంది, నేల వేడికి నిలువెత్తు ఉరుము మబ్బులు లేస్తాయి. జిల్లాలో అత్యధిక వర్షం ఆ నెలలోనే.

వేరుశనగ రైతుకు ఇది విత్తనపు ఖర్చుతో ముడిపడిన విషయం. మోడాన్ని నమ్మి, తుంపరకు పైపైన తడిసిన ఎర్రనేలలో గొర్రు పట్టినవాడి గింజ మొలకెత్తీ ఎత్తకముందే ఆ పడమటి గాలికి ఎండుతుంది. చూడవలసింది ఆకాశాన్ని కాదు, గింజ పడే లోతుకు దిగువన కూడా పదును ఉన్నదా అని. వాతావరణ సూచనలో “ఒకటి రెండు చోట్ల వర్షం” అన్న మాటను కూడా విడమరచి చెప్పాలి. ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతు లేదా అంతకు తక్కువ చోట్ల మాత్రమే వాన పడవచ్చునని దాని అర్థం. మిగిలిన మూడు వంతులలో ఆ రైతు పొలం ఉండే అవకాశమే ఎక్కువ.