వైజాగ్ టు భీమిలి: ఆగుతూ వెళ్లాల్సిన రోడ్డు

వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సుమారు 30 కిలోమీటర్ల రోడ్డు. బైక్ మీద ఆపకుండా వెళ్తే గంటలో అయిపోతుంది. కానీ తెల్లారకముందే బయలుదేరి ఆగుతూ వెళ్తే రోజంతా సరిపోతుంది. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యోదయమే సముద్రం మీద కనిపిస్తుంది. సాయంత్రం సూర్యుడు వెనక కొండల్లోకి దిగుతాడు.

1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఆర్కే బీచ్‌లోనే ఉంది. పొద్దున్నే తెరవరు కాబట్టి దాన్ని తిరిగొచ్చేటప్పటికి ఉంచుకోండి.

తర్వాత రుషికొండ. అందరూ నీళ్లలోకి దిగేది ఇక్కడే, కాబట్టి ఒక విషయం తెలిసుండాలి. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు ఒక్కోచోట సన్నటి పాయలా వేగంగా వెనక్కి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ పాయలో అలలు పెద్దగా విరగవు, అందుకే చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. మనమేమో అదే సేఫ్ అనుకుంటాం! అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలిసిపోతాం. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, పాయ దాటాక ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్లు పాదాలు తడుపుకుంటే చాలు.

కాస్త ముందుకెళ్తే తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు వాననీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఈ చోటు 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. పైనుంచి సముద్రం చాలా దూరం కనిపిస్తుంది.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. నాకైతే ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పేరుకి మట్టి, నిజానికి ఎక్కువ భాగం ఇసుక. మంచుయుగంలో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా తగ్గి, అడుగున ఉన్న ఇసుక బయటపడింది. గాలి దాన్ని ఇటు తెచ్చి పోసింది. తర్వాత వేల ఏళ్లలో ఆ ఇసుకలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి రేణువుల చుట్టూ ఎర్రటి పూతలా మారింది. సైకిల్ చైన్‌కి తుప్పు పట్టినట్టే అన్నమాట. లోపల కనిపించే లోతైన దారులు వాననీళ్లు కోసినవి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

ఇంత చరిత్ర ఉన్నా ఆ గోడలు చేత్తో గీకితే రాలిపోతాయి. ఫొటో కోసం అంచు ఎక్కి జారితే కొంత గోడ మనతో పాటే కిందికొస్తుంది. ఇక్కడ కంట్రోల్ జెడ్ పనిచేయదు. కింద ఉన్న దారుల్లో నడవండి, ఫొటోలు అక్కడి నుంచే బాగా వస్తాయి.

చివరికి భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం చేశారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. అరకు ట్రిప్‌లో బొర్రా గుహల దగ్గర చూసిన గోస్తనీ నది సముద్రంలో కలిసేది కూడా ఇక్కడే. ఆ చోటు చూశాకే వెనక్కి తిరగండి.